సంబరంలో కనిపించని చేతులు

జనవరి వచ్చేసరికి కృష్ణా డెల్టా ఒక పని ముగించి మరొక పనికి సిద్ధమవుతూ ఉంటుంది. సార్వా వరి కోతలు పూర్తయి, కుప్పలు నూర్చి, ధాన్యం బస్తాలకెక్కుతుంది. కోతకు కొద్ది రోజుల ముందు, చేలో తడి ఆరకముందే చల్లిన మినుము, పెసర విత్తులు వరి మోళ్ళ నడుమ చిన్న చిన్న ఆకులతో పచ్చగా పరచుకొని ఉంటాయి. రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడే కాలమిది. విజయవాడలోనూ, చుట్టుపక్కల పట్టణాలలోనూ పల్లె జీవనాన్ని ప్రదర్శించే సంబరాలు, హస్తకళల మేళాలు ఎక్కువగా జరిగేది కూడా ఈ రోజులలోనే.

ఒకప్పుడు ఇటువంటి ప్రదర్శనలకు నగరం నడిబొడ్డున ఉన్న స్వరాజ్ మైదానం పెట్టింది పేరు. పాతతరంవారు దానిని పీడబ్ల్యూడీ గ్రౌండ్స్ అనేవారు. 2024 జనవరిలో ఆ స్థలంలో డాక్టర్ అంబేద్కర్ మహాశిల్పం, స్మృతివనం ప్రారంభమయ్యాయి. మేళాలు ఇప్పుడు ఇతర మైదానాలకు, కళాశాలల ఆవరణలకు తరలిపోయాయి. చోటు మారినా జనానికి వాటిపై ఆసక్తి తగ్గలేదు. ఈ సంక్రాంతి రోజులలో మేము కుటుంబ సమేతంగా అటువంటి కొన్ని ప్రదర్శనలు చూశాము. అక్కడితో ఆగక, అక్కడ చూసిన వస్తువులు పుట్టే ఊళ్ళకు కూడా వెళ్ళివచ్చాము. మైదానంలో మాకు కనిపించినదేమిటో, కనిపించకుండా పోయినదేమిటో పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మైదానంలో కట్టిన పల్లె

నగర శివారులోని ఒక కళాశాల మైదానంలో నాలుగైదు రోజుల కోసం ఒక పల్లెను కట్టారు. తాటాకు కప్పిన గుడిసె, దాని ముందు పేడతో అలికిన వాకిలి, ఒక పక్క గడ్డివాము, మరొక పక్క ఎద్దులబండి. గుడిసెలో రోలు, రోకలి, తిరగలి, చేట, జల్లెడ, కవ్వం, ఉట్టి. ఎండుగడ్డితో పేనిన వెంటి చుట్టి కట్టిన ధాన్యపు పురి. కుంచం, మానిక, సోల వరుసగా పేర్చి ఉన్నాయి. నాగలి, కాడి, గొర్రు, గుంటక గోడకు ఆనించి ఉన్నాయి. ప్రతి వస్తువు పక్కన పేరు రాసిన అట్టముక్క ఉంది.

పండుగ మన హైందవ సోదరులది. అందులోని ఆరాధనలు వారివి. అయితే పంట చేతికి వచ్చిన సంతోషం మాత్రం ఊరందరిదీ. డెల్టా పల్లెల్లో ముస్లిం రైతులున్నారు, కౌలుదారులున్నారు, కూలీలున్నారు. అందుచేత ఆ పల్లెలో తిరుగుతున్నంతసేపూ మాకు పరాయి ఇంట ఉన్నామనిపించలేదు.

గొర్రు ముందు మేము కొంతసేపు నిలబడ్డాము. మా వెంట ఉన్న పిల్లవాడు "ఇదేమిటి?" అని అడిగాడు. అట్టముక్క మీద "గొర్రు" అని ఉందే తప్ప దానితో ఏం చేస్తారో లేదు. కాపలాగా నిలబడిన విద్యార్థికీ తెలియదు. చూడవచ్చిన జనంలోంచి ఒక పెద్దాయన ముందుకు వచ్చి, "ఇది మెట్ట సేద్యపు సరంజామా బాబూ, విత్తనం వేయడానికి" అన్నారు. పైన గిన్నెలా ఉన్న భాగాన్ని చూపించి, "దీన్ని జడ్డిగం అంటారు. మగవాడు ఎద్దుల్ని తోలుతుంటే ఆడమనిషి వెనకాల నడుస్తూ ఇందులో గింజలు పోస్తుంది. గొట్టాల గుండా అవి చాళ్ళలో పడతాయి. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగితే అంతమేర చాలు ఖాళీ. పది రోజుల తర్వాత మొలక వచ్చినప్పుడు ఆ తప్పు ఊరందరికీ కనిపిస్తుంది" అని వివరించారు. చెబుతూ చెబుతూ గాలిలోనే గింజలు జారవిడుస్తున్నట్టు వేళ్ళు కదిపారు.

అంతలో నలుగురు యువకులు వచ్చి, "పెద్దాయనా, కాస్త పక్కకు జరుగుతారా?" అని మర్యాదగానే అడిగి, గొర్రును ఫోటో తీసుకున్నారు. ఆయన జరిగారు. అందులో వారి తప్పు పెద్దగా లేదు. వస్తువును చూడటానికి ఏర్పాటు చేసిన చోట వారు వస్తువునే చూశారు. ఆ రోజు ఆ మైదానం మొత్తంలో గొర్రు పని తెలిసినవారు మాకు కనిపించినంతలో ఆయనొక్కరే. ఆయన నిర్వాహకులు పిలిస్తే వచ్చినవారు కారు, టికెట్ కొనుక్కొని వచ్చినవారు.

కనుమరుగవుతున్న పల్లెను ఒకచోట నిలిపి చూపాలన్న ఆలోచన కొత్తది కాదు. స్వీడన్‌లో కర్మాగారాలు పెరిగి పాత సేద్యపు జీవితం చెదిరిపోతున్న కాలంలో, ఆర్తుర్ హజేలియస్ అనే ఆయన 1891లో స్టాక్‌హోమ్‌లో స్కాన్సెన్ అనే ఆరుబయటి ప్రదర్శనశాలను స్థాపించాడు. పల్లెల నుండి నిజమైన ఇళ్ళను విప్పి తెచ్చి అక్కడ తిరిగి నిలబెట్టాడు. ఆ ఇళ్ళలో ఖాళీ గదులు చూపించడం ఆయన ఉద్దేశం కాదు. పాత దుస్తులలో మనుషులు అక్కడ పనులు చేస్తూ కనిపించాలన్నాడు. మన హైదరాబాదులో 1992లో ఏర్పడిన శిల్పారామంలో కూడా పల్లె ఇళ్ళను, చేతివృత్తులవారి బతుకును చూపే గ్రామీణ ప్రదర్శనశాల ఉంది. నాలుగు రోజుల మేళాలకు అంత సాధనసంపత్తి ఉండకపోవచ్చు. కానీ పనిముట్టు పక్కన పనివాడు ఉండాలన్న సూత్రం పాటించడానికి పెద్ద ఖర్చు కాదు.

కళ్ళంలో వాటా

ఆ వస్తువులన్నీ ఒకప్పుడు ఎవరు చేసేవారు, వారికేమి ముట్టేది అన్నది తెలుసుకుంటే తప్ప పల్లె అర్థం కాదు.

ఈ డెల్టా ఎప్పుడూ ఇంత పచ్చగా లేదు. 1832-33లో వచ్చిన నందన కరువులో గుంటూరు సీమ శవాల దిబ్బగా మారింది. కృష్ణలో నీరుండీ పొలానికి ఎక్కించే దారి లేని రోజులవి. 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట ఆ దారి చూపింది. దాని స్థానంలో నేటి ప్రకాశం బ్యారేజీ 1957లో వినియోగంలోకి వచ్చింది. విజయవాడ నుండి బయలుదేరే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు నీటితో పాటు పడవలను, పడవలతో పాటు సరుకును మోసుకుపోయాయి. వరి పెరిగింది. వరితో పాటు బండి చేసే వడ్రంగికి, కర్రు సాగదీసే కమ్మరికి, కుండ చేసే కుమ్మరికి, మోకు పేనేవారికి, బుట్ట అల్లేవారికి పని పెరిగింది.

ఒక్క బండిచక్రాన్నే తీసుకుందాం. నడుమ మొద్దు, దానిలో దిగగొట్టిన ఆకులు, వాటి చివర అంచుగా అమర్చిన పూటీలు వడ్రంగి పని. అన్నిటినీ బిగించి పట్టే ఇనుప పట్టా కమ్మరి పని. పట్టాను ఎర్రగా కాల్చి, వ్యాకోచించి ఉన్నప్పుడే చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు గుమ్మరిస్తే అది కుంచించుకొని కొయ్యను గట్టిగా పట్టేస్తుంది. ఇద్దరి లెక్కలో వేలెడంత తేడా వచ్చినా చక్రం నిలవదు. ఏ కళాశాలలోనూ చదవని మనుషులు ఈ శాస్త్రాన్ని చేతులలో దాచుకున్నారు.

వీరికి నగదు ముట్టడం అరుదు. పంట నూర్చిన రోజున కళ్ళంలో ప్రతి వృత్తివారికీ ఇంత ధాన్యమని వాటా ఉండేది. దానిని మేర అనేవారు. రైతు ధాన్యం ఇంటికి చేరకముందే ఆ మేరలు కొలిచి ఇవ్వాలి. ఏడాదంతా చేసిన పనికి ఏడాదికొకసారి కూలి. పంట పండితే ఊరంతా తిన్నది, ఎండితే ఊరంతా పస్తున్నది. కష్టసుఖాలను పంచుకున్న ఆ పద్ధతిలో ఒక అందం ఉంది.

అయితే ఆ అందాన్ని చూసి మిగిలినదంతా మరచిపోకూడదు. ఎవరికి ఎంత మేర అన్నది పుట్టుకను బట్టి నిర్ణయమయ్యేది. అడిగే హక్కు అందరికీ సమానంగా ఉండేది కాదు. అప్పు తీర్చలేక ఏళ్ళ తరబడి పాలేరుతనం చేసినవారు, పండించిన అన్నం పెట్టే ఇంటి గడప దాటలేనివారు అదే పల్లెలో ఉన్నారు. మైదానంలో కట్టిన గుడిసె ముచ్చటగా ఉంటుంది. నిజమైన గుడిసెలో వానకాలం గడిపినవారు దానిని వేరుగా గుర్తు చేసుకుంటారు.

సంప్రదాయం పేరిట వచ్చే ప్రతిదీ మోయదగినది కాదని డెల్టాలోని సంక్రాంతి మరొక విధంగా కూడా చూపుతుంది. పండుగ మూడు రోజులూ కోళ్ళ కాళ్ళకు కత్తులు కట్టి పందేలు ఆడతారు. వాటి చుట్టూ లక్షల రూపాయలు చేతులు మారుతాయి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం దీనిని అనుమతించవు. జూదాన్ని, మూగజీవాలను ఒకదానిపై ఒకటి ఉసిగొల్పడాన్ని మన ధర్మమూ నిషేధించింది. రైతు ఏడాది కష్టాన్ని ఒక్క పూటలో ఊడ్చుకుపోయే ఆటను రైతు సంస్కృతి అనడం రైతును అవమానించడమే.

అదే సంబరంలో మరొక దుకాణంలో వరికంకులతో అల్లిన కుచ్చులు అమ్ముతున్నారు. పిచ్చుకలు వచ్చి తినడానికి డెల్టా ఇళ్ళలో వాటిని చూరుకు వేలాడదీసేవారు. పంటలో మనిషితో పాటు పిట్టకూ వాటా ఉందని ఆ కుచ్చు చెప్పేది. ఒక విశ్వాసి నాటిన మొక్క నుండి, వేసిన పైరు నుండి పక్షి తిన్నా, మనిషి తిన్నా, పశువు తిన్నా అది అతని పాలిట దానమవుతుందని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. నిలుపుకోదగిన సంప్రదాయం ఏదో, వదులుకోదగినది ఏదో తేల్చుకోవడానికి ఆ కుచ్చు, ఆ కోడికత్తి పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

కొండపల్లి: అడవిలోని కొయ్య

మేళాలో ఎక్కువమంది గుమిగూడేది బొమ్మల దుకాణం వద్దే. ఆ బొమ్మల ఊరు కొండపల్లి విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, ఇబ్రహీంపట్నం దాటగానే వస్తుంది. ఇబ్రహీంపట్నం పేరు వినగానే గోల్కొండ కాలం గుర్తుకు వస్తుంది. కొండ మీద 14వ శతాబ్దపు రెడ్డిరాజుల నాటి కోట ఉంది. తరువాత అది గజపతుల చేతికి, విజయనగర రాజుల చేతికి, కుతుబ్‌షాహీల చేతికి మారింది. రాజులు మారినా కొండ కింద బొమ్మలు చేసే వీధి మాత్రం మారలేదు.

చుట్టుపక్కల కొండలలో పెరిగే తెల్ల పొణికి చెట్టు కొయ్య ఈ బొమ్మలకు ప్రాణం. అది మెత్తగా, తేలికగా ఉంటుంది. కొయ్యను ఆరబెట్టి, సన్నని సెగ మీద కాచి తేమ పోగొడతారు. తల, చేతులు, మొండెం విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఆపైన తెల్ల సుద్ద పూసి, ఆరిన తరువాత సన్నని కుంచెతో రంగులు వేస్తారు. ఎడ్లబండి, పొలానికి పోయే రైతు, రోకటి పోటు వేసే స్త్రీ, కుమ్మరి సారె, తాటిచెట్టు, అంబారీ ఏనుగు. ఒక పల్లె మొత్తం అరచేతిలో ఇమిడేంత పరిమాణంలో తయారవుతుంది. మా ఇంటి పిల్లల కోసం మేము ఒక ఎడ్లబండి, ఒక తాటిచెట్టు, కొన్ని కొయ్య పండ్లు తీసుకున్నాము.

అక్కడ మేము విన్న ప్రధానమైన బాధ కొయ్య గురించి. చెట్టు ఎదగడానికి సంవత్సరాలు పడుతుంది. అడవి తరిగిపోతోంది. వెనుకటిలా దగ్గరలో దొరకడం లేదు. కొయ్యకోసం దూరం పోయిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది, కొనేవారు మాత్రం పాత ధరే చెప్పమంటారు. పిల్లలు ఈ పని నేర్చుకుంటున్నారా అని అడిగితే ఒక ఇంటి ఇల్లాలు చిరునవ్వుతో, "నేర్చుకోవడానికి వాళ్ళకు చేతులున్నాయండీ, నేర్పడానికి మాకే ధైర్యం చాలడం లేదు" అన్నారు. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది. వేరొకచోట చేసిన దానిని ఆ పేరుతో అమ్మకుండా ఆ గుర్తింపు అడ్డుపడుతుంది. కానీ చెట్టు నాటడం, తరువాతి తరానికి పని అప్పగించడం గుర్తింపు పత్రం చేయగల పనులు కావు.

పెడన, బందరు: కలం పేరు మోసిన గుడ్డ

కొండపల్లి నగరానికి వాయవ్యాన ఉంటే, కళంకారీ పుట్టిల్లు ఆగ్నేయాన, సముద్రం వైపున ఉంది. ఉయ్యూరు, పామర్రు మీదుగా సుమారు 70 కిలోమీటర్లు ప్రయాణిస్తే మచిలీపట్నం. అక్కడికి సమీపంలోనే పెడన. దారి పొడవునా ఒక పక్క కాలువ, మరొక పక్క మినుము చేలు.

మచిలీపట్నాన్ని ఇక్కడివారు బందరు అంటారు. బందర్ అంటే పారశీక భాషలో రేవు. కళంకారీలోని కలం, కారీ అన్న మాటలూ పారశీకం నుండి వచ్చినవే. కలంతో చేసిన పని అని అర్థం. గోల్కొండ సుల్తానుల కాలంలో ఇది తూర్పు తీరాన ఎన్నదగిన రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తక స్థావరాలు తెరిచారు. వారికంటే ముందునుంచే పారశీక వర్తకులు ఈ గుడ్డను ఎరుగుదురు. వారి ఇళ్ళకు అవసరమైన తెరలు, పడకమీది దుప్పట్లు, తోరణాకారపు అంచులు, మధ్యన విరబూసిన జీవవృక్షం ఇక్కడి అద్దకంలో చేరాయి. గుళ్ళకు కథల బొమ్మలు గీసిన శ్రీకాళహస్తి సంప్రదాయానికి భిన్నంగా, బందరు అద్దకంలో లతలు, పూలు, చెట్లు ప్రధానమై, చెక్క అచ్చులతో ముద్రించడం స్థిరపడింది. తెలుగు నేల మీద తెలుగు చేతులు పారశీక అభిరుచికి అద్దిన రంగు అది. ఇస్లామీయ ప్రపంచపు కళకు, ఈ డెల్టాకు మధ్యనున్న బంధం పుస్తకాలలో వెతకనక్కరలేదు, మన ఇంటి దుప్పటి మీదనే ఉంది.

పెడనలో పని జరిగే తీరు చూసినవారు ఆ గుడ్డను మళ్ళీ ఎన్నడూ తేలికగా చూడలేరు. మొదట గుడ్డలోని గంజిని పోగొట్టి తెల్లబరుస్తారు. తరువాత కరక్కాయ రసంలో ముంచి ఆరవేస్తారు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లం కలిపి ఊరబెట్టిన కషాయంలో టేకు అచ్చును ముంచి ఆ గుడ్డ మీద అద్దగానే, కరక్కాయ తగిలిన చోట నల్లని గీత తేలుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీటితో అద్దుతారు. అప్పటికి అక్కడ రంగు కనిపించదు. మంజిష్ఠ వంటి ఎరుపునిచ్చే సరుకు వేసి పెద్ద పాత్రలలో ఉడికించినప్పుడు, పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. ఆ తరువాత పారే నీటిలో ఉతికి, ఎండలో ఆరవేయాలి. నీలిమందుతో నీలం, కరక పువ్వుతో పసుపు. ఒక్కో రంగుకు ఒక్కో విడత. మబ్బు పడితే పని ఆగుతుంది, కాలువలో నీరు ఆగినా పని ఆగుతుంది. కృష్ణ నీరు ఇక్కడ వరికి ఎంత అవసరమో రంగుకూ అంతే అవసరం.

ఈ కళ ఎన్ని దెబ్బలు తిన్నదో చెప్పనక్కరలేదు. 1864 నవంబరు తుపానులో బందరు పట్టణాన్ని సముద్రం ముంచెత్తి సుమారు 30,000 మందిని బలిగొన్నది. యంత్రపు గుడ్డ వచ్చిపడి అద్దకపువారి పొయ్యిలను ఆర్పింది. స్వాతంత్ర్యానంతరం 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల బోర్డు, దానికి నాయకత్వం వహించిన కమలాదేవి ఛటోపాధ్యాయ వంటివారి కృషితో మళ్ళీ ఊపిరి పోసుకుంది.

నేటి దెబ్బ మరొక రకం. మేము చూసిన ఒక మేళాలో ఒక దుకాణదారు చవకధరకు చీరలు చూపిస్తూ, "అసలైన కళంకారీ" అన్నాడు. అచ్చుతో అద్దినదా, స్క్రీన్ ముద్రణా అని అడిగితే, "ఏదైనా ఒకటే కదండీ, డిజైన్ అదే కదా" అని సమాధానం. స్క్రీన్ ముద్రణ తప్పు పని కాదు. అదీ ఎందరికో జీవనోపాధి. దానిని దాని పేరుతో అమ్మితే అభ్యంతరం లేదు. చేతి అద్దకం పేరు చెప్పి అమ్మినప్పుడు, కొన్నవారితో పాటు రోజుల తరబడి కరక్కాయ రసంలో చేతులు నల్లబరచుకున్నవారు కూడా మోసపోతున్నారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, పైన పొడిగా, లోపల తడిగా ఉండటం గమనించి, తడిసిన భాగాన్ని జనానికి కనబడేలా పైన పెట్టవలసిందని ఆ వర్తకుణ్ణి మందలించిన సంఘటన మనందరికీ తెలిసినదే. గుడ్డ విషయంలోనూ తడి పైకి కనబడాలి.

గుర్తు పట్టడం కష్టం కాదు. చేతితో అద్దిన గుడ్డలో అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకులో కొద్దిపాటి తేడా కనిపిస్తుంది. రంగు నూలులోకి ఇంకి వెనుకవైపుకూ దిగి ఉంటుంది. ఎంతో పొడవున ఒక్క పొరపాటైనా లేకుండా ఒకే తీరున ఉండి, వెనుకవైపు వెలవెలబోతూ ఉంటే యంత్రమో, స్క్రీనో అని సందేహించాలి. అన్నిటికంటే తేలిక దారి అడగడం. అడిగే కొనుగోలుదారులు పెరిగితే నిజం చెప్పే దుకాణదారులు పెరుగుతారు.

వినబడని వింటినారి

మైదానంలోని పల్లెలో కుమ్మరి సారె ఉంది, మగ్గం ఉంది, కమ్మరి కొలిమి ఉంది. దూదేకే విల్లు మాత్రం లేదు. మేము చూసిన ఏ ప్రదర్శనలోనూ లేదు.

ఈ పత్రిక చదివే ఎన్నో ఇళ్ళకు ఆ విల్లుతో చుట్టరికం ఉంది. దూదేకుల, నూర్‌బాష్, పింజారి, లద్దాఫ్ అన్న పేర్లతో పిలిచే మనవారు తరతరాలుగా ఊరూరా తిరిగి దూది ఏకినవారు. నిలువెత్తు విల్లును వేలాడదీసి, నారిని పత్తిలో ఉంచి కొయ్య గుండుతో మీటుతుంటే, గట్టిపడిన పత్తి పొరలు పొరలుగా విడి పొగమంచులా లేచేది. ఆ నారి చప్పుడు వీధి మొదట్లో వినగానే ఇళ్ళలో పాత పరుపులు, దిండ్లు బయటికి వచ్చేవి. పెళ్ళి కుదిరిన ఇంట కొత్త పరుపు కుట్టడానికి ముందుగా కబురు పోయేది వారికే. ముక్కులోకి, గొంతులోకి దూది నుసి పోతూ ఉన్నా తలగుడ్డ చుట్టుకొని రోజంతా ఏకేవారు.

1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశం దేశమంతటా 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. ఆ తీర్మానాన్ని మనం చరిత్రగా చదువుకుంటాము. ఏకిన దూది లేనిదే రాట్నం మీద నూలు రాదు. ప్రతి రాట్నం వెనుక ఒక ఏకుడు చెయ్యి ఉండి తీరాలి. రాట్నం జెండా మీదికి ఎక్కింది. విల్లు అటకెక్కింది.

ఏకుడు యంత్రాలు వచ్చాయి, ఆ తరువాత ఫోమ్ పరుపులు వచ్చాయి. కొందరు యంత్రం కొనుక్కొని పట్టణాలలో పరుపుల దుకాణాలు పెట్టుకున్నారు. ఎక్కువమంది వేరే పనులకు మళ్ళారు. వృత్తి మారడం విచారించదగిన విషయం కాదు. ఊపిరితిత్తులను తినే పని నుండి బిడ్డలు బయటపడి చదువుకుంటే అది సంతోషించవలసినదే. అయితే ఊరందరికీ మెత్తని పక్క పరచిన చేతులు ఊరి చరిత్రలో లేకుండా పోవడం న్యాయం కాదు. దూదేకులవారితో పాటే, ఇత్తడి పాత్రలకు కళాయి వేసినవారు, కత్తులకు సాన పట్టినవారు, గాజుల మలారం మోసుకొని ఇంటింటికీ తిరిగినవారు కూడా పల్లె జీవితంలో భాగమే. వీరిలో మనవారు ఎందరో ఉన్నారు. పల్లెను తిరిగి కట్టేవారికి వీరు గుర్తు రాకపోవడానికి ద్వేషం కారణమని మేము అనుకోము. ఎవరూ చెప్పలేదు గనుక తెలియలేదు. చెప్పవలసిన బాధ్యత మన మీదనే ఉంది. ఏ ఇంటి అటక మీదనైనా ఆ విల్లు మిగిలి ఉంటే, వంటచెరకుగా మారకముందే దానిని దింపి తుడిచి, మీ ఊరి బడిలో సంబరం జరిగిన రోజున తీసుకువెళ్ళండి. దానిని మీటడం తెలిసిన పెద్దలు ఉంటే వారినీ వెంట తీసుకువెళ్ళండి.

కొనేవారి వంతు

దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) రాజై ఉండి కూడా తన చేతి కష్టంతోనే జీవించారని, ఇనుమును మలచి కవచాలు చేశారని మనం విశ్వసిస్తాము. జకరియా ప్రవక్త (అలైహిస్సలాం) వడ్రంగి పని చేసేవారని హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. చేతిపనిని చిన్నచూపు చూసే సమాజంలో పుట్టి పెరిగిన మన పిల్లలకు ఈ మాటలు బొమ్మల దుకాణం ముందు నిలబెట్టి చెబితే చక్కగా మనసుకెక్కుతాయి.

ఇటువంటి మేళాకు కుటుంబంతో వెళ్ళేవారు కొన్ని చిన్న నియమాలు పెట్టుకోవచ్చు. వస్తువు ధర అడిగే ముందు అది చేయడానికి ఎన్ని రోజులు పట్టిందో అడగాలి. ఆ జవాబు విన్న తరువాత బేరమాడటానికి నోరు అంత సులభంగా రాదు. పెద్ద దుకాణాలలో అట్ట మీద రాసిన ధరకు మారుమాట లేకుండా చెల్లించే మనం, నేల మీద గుడ్డ పరచుకొని కూర్చున్న మనిషి దగ్గర పది రూపాయల కోసం పట్టుబట్టడం ఏ విధంగానూ ధర్మం కాదు. వీలైనప్పుడు చేసినవారి చేతి నుండే కొనాలి. కొండపల్లి, పెడన ఏమంత దూరం కావు. ఉదయం బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. ఇంట్లో పెద్దలుంటే వారిని తప్పక వెంట తీసుకువెళ్ళాలి. ప్రదర్శనలోని అట్టముక్క చెప్పలేనిది వారు చెబుతారు. వారు చెప్పే పేర్లను పిల్లల చేత రాయించాలి. జడ్డిగం, పూటీ, పురి, మేర వంటి మాటలు వారితోనే పోతే మళ్ళీ దొరకవు.

నిర్వాహకులకు ఒక్క విన్నపం. మరుసటి సంక్రాంతికి పల్లెను కట్టేటప్పుడు గొర్రు పక్కన ఒక కుర్చీ వేయండి. ఆ పని తెలిసిన మనిషిని పిలిచి, ఆ రోజు కూలి ఇచ్చి, అందులో కూర్చోబెట్టండి. దూదేకే విల్లు పక్కన మరొక కుర్చీ వేయండి. పనిముట్టు కొయ్యదే, ఎక్కడైనా దొరుకుతుంది. గింజ ఎప్పుడు జారవిడవాలో తెలిసిన వేళ్ళు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నాయి.